చెవిలో గుబిలి తీయించాలంటే తిరుపతిలో ఎట్ల? మా నాయనకి చెవి మిషన్ కొనమంటా ఉండారు

కొర్లగుంట_కుర్రోడు
సోమవారం, రాత్రి 9:42

అన్నలూ అక్కలూ ఒక సలహా కావాల. మా నాయనకి 66 ఏండ్లు, ఆర్టీసీలో డ్రైవరు, శానా ఏండ్లు తిరుమల ఘాట్ మీదే బస్సు తోలినాడు, రిటైరై ఇంట్లోనే ఉండాడు. ఈ నాలుగైదు నెలలుగా పిలిస్తే పలకడు. టీవీ సౌండు 40 పెడతాడు, పక్కింటోళ్లు వాళ్ల టీవీ ఆపేసి మా టీవీలోనే సీరియల్ వింటా ఉండారు. ఫోను కుడి చెవికి పెట్టుకుంటే హలో హలో అని కట్ చేసేస్తాడు, ఎడం చెవికి మారిస్తే రవ్వంత మేలు.

పోయిన వారం ఒక హియరింగ్ సెంటర్‌కి తీసకపోయినా, పేరొద్దులే. చిన్న రూములో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ తగిలించి పీక్ పీక్‌మని సౌండ్లు ఇచ్చినారు, పది నిమిషాల్లో గ్రాఫు ఒకటి చేతికిచ్చి రెండు చెవులకీ మిషన్లు పెట్టాల, జత 70 వేలు, ఆఫరు ఈ నెలాఖరుదాకానే అన్నారు. నాయనకి ఆ 70 వేల మాట మాత్రం ఏ మిషనూ లేకండానే బాగా వినిపించింది, లేచి బయటికొచ్చేసినాడు.

వచ్చేటప్పుడు షుగర్ మాత్రలకి మెడికల్ షాపు కాడ ఆగితే ఆ షాపాయన అడిగినాడు, ముందు చెవిలోకి లైటేసి చూసినారా అని. అప్పుడు గుర్తొచ్చింది, ఎవురూ చూళ్లే! ఇంటికొచ్చి ఫోన్ టార్చి కొట్టి చూస్తే కుడి చెవిలో నల్లగా, బెల్లంపాకం గడ్డకట్టినట్టు అడ్డంగా ఏదో ఉండాది. ఎడం దాంట్లో కూడా ఉంది గానీ పక్కన సందు కనపడతాంది.

ఇది గుబిలేనా? క్లినిక్‌లో ఎట్ల తీస్తారు, నొప్పి ఉంటాదా? ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పోవాలా లేకపోతే హియరింగ్ క్లినిక్‌లోనే తీస్తారా? షుగర్ ఉందని ఇంకో భయం.


చిత్తూరు_చిన్నోడు
సోమవారం, రాత్రి 9:58

మా ఊర్లో దాన్ని గులిమి అంటారు, మీరు గుబిలి అంటారు, ఏదైతేనేం వచ్చేది ఒకే బొక్కలోనించి కదా. నేనైతే బండి తాళం చెవితోనే గోక్కుంటా, చెవికి చెవి. ఇంతవరకు ఏం కాలే.


ఆడియో_అక్క
సోమవారం, రాత్రి 10:05

@చిత్తూరు_చిన్నోడు "ఇంతవరకు" అన్న మాట నువ్వే రాసినావు నాయనా, గుర్తు పెట్టుకో.


మదనపల్లె_టమోటా
సోమవారం, రాత్రి 10:20

తమ్ముడూ క్లినిక్కులూ మిషన్లూ ఏమీ వద్దు. మా అవ్వ చెప్పిన మందు, టెంకాయ నూనెలో రెండు తెల్లగడ్డ పాయలు వేసి ఎర్రగా కాంచి, గోరువెచ్చగా ఉన్నప్పుడే నాలుగు చుక్కలు చెవిలో పోసి దూది పెట్టి పండుకోవాల. తెల్లారేసరికి గుబిలి మొత్తం కరిగి దిండు మీదుంటాది. మా ఇంట్లో మూడు తరాలుగా ఇదే. డాక్టర్ల దగ్గరికి పోతే చెవిలో పైపు పెట్టి జేబులో దుడ్డు గుంజేస్తారు.


ఆడియో_అక్క
సోమవారం, రాత్రి 11:10

సరే, నా పని ఇదే కాబట్టి రాయాల్సి వస్తోంది. నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేసేదాన్ని, ఈ ఊళ్లోనే, మా క్లినిక్ పేరు చెప్పను, ప్రచారం అంటారు. ముందు ఆ నూనె సంగతి. కర్ణపటానికి, అదే లోపలుండే పొరకి, బొక్క లేకపోతే, చర్మం ఎక్కడా పుండు పడకుండా ఉంటే, గోరువెచ్చటి ఉత్త నూనె రెండు చుక్కలు పోసుకుంటే గుబిలి మెత్తబడుతుంది, అది నిజమే, అవ్వ చెప్పింది మొత్తం తప్పు కాదు. కానీ పొరకి బొక్క ఉందో లేదో అవ్వకి ఎట్లా తెలుస్తుంది? లోపల చూడకుండా ఎవరికీ తెలియదు. పైగా కాచిన నూనె ఎంత వేడుందో వేలు పెట్టి చూస్తే సరిపోదు, చెవిలో చర్మం మహా పల్చన, దాని కిందే ఎముక. కాలిన చెవులు నేను చూశాను. ఇంకోటి, తెల్లగడ్డ తునకలు, నూనె జిడ్డు, మన ఊరి ఉక్క అన్నీ కలిస్తే లోపల బూజు పడుతుంది. తడిసిన న్యూస్ పేపరు ముద్ద మీద నల్ల చుక్కలు పెట్టినట్టు ఉంటుంది చూడ్డానికి. అప్పుడిక దురదే దురద, నెలరోజులు తిరగాలి.

తమ్ముడూ @కొర్లగుంట_కుర్రోడు, మీ నాయనకి షుగర్ అన్నావు కాబట్టి రెండు సంగతులు బాగా గుర్తు పెట్టుకో. ఒకటి, ఇంట్లో పిన్నీసు, అగ్గిపుల్ల, బడ్స్ ఏవీ పెట్టనీయొద్దు. చిన్న గీత పడినా షుగర్ వాళ్లకి ఇన్‌ఫెక్షన్ ఎముకదాకా పోయే ప్రమాదం ఉంది, అరుదే కానీ వస్తే మామూలు సంగతి కాదు. రెండు, ఎక్కడికి పోయినా షుగర్ అని ముందే చెప్పు. నీళ్లు కొట్టి తీసే పద్ధతి వాళ్లకి మేం సాధారణంగా చెయ్యం, తడి మిగిలిపోతే కష్టం. సక్షన్ మేలు, అంటే సన్న గొట్టంతో పీల్చి తీయడం.

అసలు గుబిలి మురికి కాదు. చెవి గొట్టం పొడవు దాదాపు రెండున్నర సెంటీమీటర్లు, అందులో బయటి వైపు మూడో వంతులోనే ఈ జిగురు ఊరేది. పొర దగ్గర గుబిలి తయారు కాదు. లోపలి చర్మం గోరు పెరిగినంత నిదానంగా బయటివైపు జరుగుతూ దుమ్మునీ చచ్చిన చర్మాన్నీ మోసుకొస్తుంది, నమిలినప్పుడు దవడ కదిలి ఇంకొంచెం తోస్తుంది. బడ్ పెట్టినవాళ్లేం చేస్తారంటే బయటికి వస్తున్నదాన్ని మళ్లీ లోపలికి కుక్కుతారు. దూదికి అంటింది చూసుకుని ఎంత తీసేశానో అనుకుంటారు, దానికి నాలుగింతలు లోపల దిమ్మిసా కొట్టి పెట్టి ఉంటారు. నమ్మకపోతే బడ్స్ డబ్బా తిప్పి చూడండి, చెవి లోపల పెట్టవద్దు అని దాని మీదే రాసి ఉంటుంది.

ఇక ఆ సెంటరు వాళ్ల సంగతి. చెవిలో ఏముందో చూడకుండా హెడ్‌ఫోన్ పెట్టి టెస్టు చెయ్యడమే తప్పు. గొట్టం మూసుకుపోయి ఉంటే గ్రాఫు ఎట్లాగూ కిందికి పడుతుంది. చెవి వెనక ఎముక మీద ఒక చిన్న వైబ్రేటర్ పెట్టి ఇంకో టెస్టు చేస్తారు, అది చేశారా? దాంట్లో బాగా వినపడి హెడ్‌ఫోన్‌లో వినపడకపోతే అడ్డం దారిలో ఉంది, నరంలో కాదు అని అర్థం. నీ దగ్గరున్న గ్రాఫులో గుండ్రాలు, ఇంటూ మార్కులు కాకుండా బాణంలాగా, బ్రాకెట్‌లాగా గుర్తులు ఏమైనా ఉన్నాయా చూడు.


కొర్లగుంట_కుర్రోడు
సోమవారం, రాత్రి 11:31

అక్కా ఉత్త గుండ్రాలూ ఇంటూలే ఉండాయి. వెనకాల వైబ్రేటర్ ఏదీ పెట్టలేదని నాయన అంటా ఉండాడు (కాయితం మీద రాసి చూపించి అడిగితే).


ఆడియో_అక్క
సోమవారం, రాత్రి 11:36

అయితే ఆ గ్రాఫుని చిత్తు కాయితం కింద వాడుకోండి. బోర్డు మీద హియరింగ్ అని ఉన్నంత మాత్రాన లోపలుండేవాళ్లు చదువుకున్నోళ్లని కాదు. ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని అడగండి, ఆర్‌సీఐ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్, 1992 చట్టంతో దానికి అధికారం వచ్చింది, ఆడియాలజిస్టు అన్నవాళ్లకి అందులో నంబరు ఉండాలి. అడిగితే కోప్పడినారంటే లేనట్టే. గుబిలి తీయించడానికి మాత్రం మీ కేసులో, షుగర్ ఉంది కాబట్టి, ఈఎన్‌టీ డాక్టరు ఉన్న చోటికే పొండి. రుయా గవర్నమెంటు ఆసుపత్రిలో ఈఎన్‌టీ ఓపీ ఉంది, కాస్త క్యూ ఉంటుంది అంతే. ప్రైవేటులో అయితే చెవి లోపలిది స్క్రీన్ మీద చూపించే చోటు చూసుకోండి.


గుడిపాల_టీచరు
మంగళవారం, ఉదయం 6:50

పొద్దున్నే చదివితిని. ఇంట్లో పిలకాయలు ఉండేవాళ్లకి ఒక మాట. మా బళ్లో ఒకటో తరగతి పిలగాడు శెనక్కాయ గింజ చెవిలో దూర్చుకున్యాడు. వాళ్లమ్మ గుబిలి అనుకోని రాత్రంతా చెవిలో నీళ్లూ నూనే పోసింది. గింజ ఉబ్బి కూర్చునింది. వేలూరు సీఎంసీకి తీసకపోతే మత్తిచ్చి తీయాల్సొచ్చింది, అదే నీళ్లు పొయ్యకుండా పోయుంటే కొక్కీతో రెండు నిమిషాల పని అన్నారంట. గింజలు పోతే నీళ్లు పొయ్యకూడదు. వాచీల్లో వేసే గుండ్రటి బ్యాటరీ పోయిందంటే అసలు ఏ చుక్కలూ వెయ్యకుండా అప్పటికప్పుడే పరిగెత్తాల, అది లోపల చర్మాన్ని కొరికేస్తాది.


చిత్తూరు_చిన్నోడు
మంగళవారం, ఉదయం 7:15

టీచరమ్మా, మరి పురుగు పోతే? మా మామ తోటలో పండుకోనుంటే చెవిలో పురుగు దూరి రాత్రంతా గంగమ్మ జాతర చేసినాడు.


గుడిపాల_టీచరు
మంగళవారం, ఉదయం 7:22

బతికున్న పురుగుకైతే నూనె పొయ్యచ్చు, ఊపిరాడక సచ్చిపోతాది, ఆ గోల ఆగుతాది. ఆనెక డాక్టరు తీస్తాడు. పొరకి బొక్క ఉండేవాళ్లకి అదీ కూడదు.


పుష్కరిణి_మునక
మంగళవారం, ఉదయం 8:40

నా కథ కూడా చెప్తా. పోయినేడు కొండకి నడిచి పోయినాం, అలిపిరి నించి 3550 మెట్లు ఎక్కి కల్యాణకట్టలో గుండు కొట్టించుకోని పుష్కరిణిలో మూడు మునకలేస్తిని. లేస్తానే ఎడం చెవి టప్‌మని మూసుకుపోయింది. ఎవురో బావిలోనించి మాట్లాడినట్టు అందరి గొంతులూ, నా గొంతు మాత్రం నా తలకాయలోనే మైకు పెట్టినట్టు. నీళ్లు పోయినాయనుకోని ఒంటికాలు మీద ఎగిరినా, తల వంచి కొట్టినా, దర్శనం క్యూలో కంపార్ట్‌మెంట్లో కూర్చున్నంతసేపూ ఎగురుతా ఉంటే వెనకాల ఒక పెద్దామె స్వామీ పూనకమా అని దండం పెట్టింది!! కిందికొచ్చినాక చూపిస్తే నీళ్లు కాదు, గుబిలి. ముందునించీ లోపల నిండుకోనే ఉందంట, వెంట్రుకంత సందు మిగిలి ఉంటే చాలు మనకి బాగానే వినిపిస్తాదంట, నీళ్లు తగిలి ఉబ్బేసరికి ఆ సందు పూడిపోయిందంట. అందుకే నిన్నటిదాకా బాగుండి ఒక్క మునకతో చెవుడు వచ్చినట్టయింది.


చిత్తూరు_చిన్నోడు
మంగళవారం, ఉదయం 9:02

అయితే ఘాట్‌లో బస్సు ఎక్కేటప్పుడు చెవులు మూసుకుపోయేది కూడా గుబిలేనా అక్కా?


ఆడియో_అక్క
మంగళవారం, మధ్యాహ్నం 1:15

కాదు, అది గాలి ఒత్తిడి. పొర అవతల ఉన్న గాలికీ బయటి గాలికీ తేడా వచ్చి పొర సాగుతుంది, ఉమ్మి మింగితే, ఆవలిస్తే ముక్కు వెనకనించి చెవికి పోయే చిన్న గొట్టం తెరుచుకుని సర్దుకుంటుంది. కిందికి దిగాక ఒకట్రెండు రోజులైనా తెరుచుకోకపోతే చూపించాలి, జలుబు ఉన్నవాళ్లకి అట్లా అవుతుంది. పుష్కరిణి తమ్ముడిది నూటికి నూరుపాళ్లు గుబిలే, స్నానం తర్వాత మూసుకుపోయింది అంటే మాకు చూడకముందే సగం తెలిసిపోతుంది.


పలమనేరు_పాలకోవా
మంగళవారం, రాత్రి 8:30

ఈ చర్చలో అందరూ నవ్వుతా ఉండారు, నేను రవ్వంత నవ్వు చెడగొడతా, ఏమనుకోవద్దండి. 2019లో ఒకరోజు నిద్ర లేస్తే కుడి చెవి మూసుకుపోయినట్టుంది. స్నానం చెయ్యలే, జలుబు లే, ఏం లే. గుబిలి అనుకోని మెడికల్ షాపులో చుక్కలు తెచ్చుకోని వేసుకుంటా ఉండా. లోపల ఈల వేసినట్టు ఒకటే సౌండు. చుక్కలు వేసేకొద్దీ ఈరోజు తగ్గుతాది రేపు తగ్గుతాదని ఇరవై రోజులు గడిపేసినా. పిల్లల పరీక్షలు, మా ఆయన ఊర్లో లేడు, ఎవురు పోతారు ఆసుపత్రికి. చివరకి పోతే డాక్టరు చెవిలో చూసి గుబిలి ఏం లేదమ్మా, తళతళమంటా ఉంది లోపల, నరం దెబ్బతినింది అన్నాడు. హఠాత్తుగా వచ్చే చెవుడంట. మొదటి నాలుగు రోజుల్లో వచ్చుంటే స్టెరాయిడ్ మాత్రలిచ్చి చూసేవాళ్లం, రెండు వారాలు దాటితే ఫలితం తక్కువ అన్నాడు. మందులిచ్చినారు గానీ నా కుడి చెవి ఇప్పటికీ అంతే. ఎవురన్నా కుడి పక్కన కూర్చోని మాట్లాడితే ఊరికే తలకాయ ఊపుతా.

కాబట్టి చెవి మూసుకుపోయింది అంటే గుబిలే అని మీకు మీరే రాసేసుకోవద్దండి. నా తప్పు అదే.


ఆడియో_అక్క
మంగళవారం, రాత్రి 9:05

అక్కా, మీరు ఇది రాసినందుకు దండం పెడతా. రోజూ గుబిలి కేసులు చూసీ చూసీ మేమే ఒక్కోసారి ఇది చెప్పడం మర్చిపోతాం.

ఇంట్లో చేసుకునే ఒక చిన్న పరీక్ష ఉంది, డాక్టరుకి బదులు కాదు కానీ తొందరపడాలో లేదో తెలుస్తుంది. నోరు మూసుకుని మ్మ్మ్‌మని గట్టిగా ఒక రాగం తీయండి. ఆ సౌండు మూసుకుపోయిన చెవిలోనే ఎక్కువగా వినపడితే అడ్డం బహుశా దారిలో ఉంది, గుబిలి గానీ చీము గానీ నీళ్లు గానీ. అదే సౌండు బాగున్న చెవివైపు పోతే నరం సంగతి కావచ్చు, ఆరోజే ఈఎన్‌టీ దగ్గరికి పోవాలి, రేపు అనొద్దు. నమ్మకం కుదరాలంటే బాగున్న చెవి ఒకదాంట్లో వేలు పెట్టుకుని మ్మ్మ్ అనండి, వేలు పెట్టిన వైపే మోగుతుంది. డాక్టర్లు 512 హెర్ట్జ్ శ్రుతి దండం నుదుటి మీద పెట్టి చూసేది ఇదే.


చిత్తూరు_చిన్నోడు
మంగళవారం, రాత్రి 9:11

ఆఫీసులో కూర్చోని మ్మ్మ్ అంటా ఉంటే మేనేజరు ఏమైందని వచ్చి నిలబడినాడు, ఇప్పుడు ఇద్దరం వేళ్లు పెట్టుకోని మ్మ్మ్ అంటా ఉండాం.


కాళహస్తి_కలంకారి
బుధవారం, ఉదయం 10:12

చెవిలో కొవ్వొత్తి పెట్టి వెలిగిస్తే గుబిలి పైకి లాగుతాదని ఒక వీడియో వచ్చింది నాకు, మా ఆవిడ ఆర్డరు కూడా పెట్టేసింది. పనిచేస్తాదా? కాలినాక కోసి చూపిస్తే లోపల ఇంత పసుపు ముద్ద ఉండాది.


ఆడియో_అక్క
బుధవారం, మధ్యాహ్నం 1:40

ఆ పసుపు ముద్ద కొవ్వొత్తి మైనమే అన్నా. చెవిలో పెట్టకుండా ఉత్తగా గ్లాసులో నిలబెట్టి కాల్చి కోసి చూడండి, అంతే ముద్ద ఉంటుంది. లాగేదేమీ లేదు, చుక్క లోపల పడితే కాలుతుంది. అమెరికాలో ఈఎన్‌టీ డాక్టర్ల అకాడమీ 2017లో గుబిలి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లోనే దీన్ని వాడొద్దని రాశారు. ఆర్డరు వాపసు పెట్టేయండి, లేదా కరెంటు పోయినప్పుడు వాడుకోండి.


మదనపల్లె_టమోటా
బుధవారం, మధ్యాహ్నం 2:30

మా అవ్వ తెల్లగడ్డని తప్పంటిరి, ఇప్పుడు కొవ్వొత్తి. మీ క్లినిక్ బేరం తప్ప అన్నీ తప్పే కదా.


ఆడియో_అక్క
బుధవారం, మధ్యాహ్నం 2:52

అన్నా కోపం వద్దు. నేను చెప్పేది ఇంకా మీ జేబుకి మేలే. చెవి నొప్పి లేదు, వినపడుతోంది, అద్దంలో చూస్తే గుబిలి కనపడుతోంది అంటే అసలు తీయించనే అక్కర్లేదు, వదిలేయండి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరికి ఇదే చెప్పి పంపిస్తా.


కొర్లగుంట_కుర్రోడు
శనివారం, రాత్రి 7:45

అక్కా బుధవారం ఈఎన్‌టీ దగ్గరికి పోయినాం. లైటేసి చూసినాడు, కుడి చెవి మొత్తం బిగుసుకోని రాయి మాదిరి ఉంది, ఇప్పుడే గుంజితే చర్మం లేస్తాది, మూడు రోజులు చుక్కలేసి మెత్తబడినాక రాండి అని రాసిచ్చినాడు. పూటకి నాలుగు చుక్కలు, పక్కకి పండుకోని అయిదు నిమిషాలు. ఈరోజుకి మూడు రోజులు. ఇప్పుడు నాయనకి ముందుకన్నా తక్కువ వినిపిస్తాంది, ఎడం చెవి కూడా పోయింది! నిన్నటినించి మా అమ్మ చేతులూపి మాట్లాడతా ఉంది, మొత్తం చెవుడు చేసి పెట్టినావు కదరా అని నన్ను తిడతా ఉండాడు. నిజంగా భయంగా ఉంది.


ఆడియో_అక్క
శనివారం, రాత్రి 8:02

భయపడొద్దు, ఇది మామూలే. ఎండిన గుబిలి చుక్కలు తాగి ఉబ్బుతుంది, పుష్కరిణి తమ్ముడికి అయినట్టే. ఎడం చెవిలో మిగిలిన ఆ సందు కూడా పూడింది. నొప్పి, చీము, తల తిరగడం లేవు కదా? లేకపోతే సోమవారం ధైర్యంగా పొండి. మెత్తబడిందంటే పని సులువు.


కొర్లగుంట_కుర్రోడు
సోమవారం, రాత్రి 10:20

అయిపోయింది! మొత్తం రాస్తా, ఎవురికైనా పనికొస్తాది, పొడుగైనా చదవండి.

పొద్దున పదిన్నరకి పోయినాం. నాయనని కుర్చీలో కూర్చోబెట్టి తలకాయ పక్కకి వాల్చినారు. పెన్ను మాదిరి కెమెరా చెవి మొదట్లో పెడితే ఎదురుగా స్క్రీన్ మీద కనిపిస్తాది. గుహ మాదిరి, గోడలకి సన్న సన్న వెంట్రుకలు, లోపల దారి మొత్తం మూసేసి నల్లటి ముద్ద, చుక్కలతో తడిసి నిగనిగలాడతాంది. నాయన దాన్ని చూసి "ఇది నాదేనా" అని ముగ్గురు ఉలిక్కిపడేట్టు అరిచినాడు.

అప్పుడు డాక్టరు అడిగినాడు, చెవిలో ఏం పెడతారు అని. నేను చెప్పకముందే మా అమ్మ చెప్పేసింది, డ్యూటీలో ఉన్నప్పుడు టికెట్టు సన్నగా చుట్టి తిప్పేవాడంట డిపోలో బండి ఎక్కేదాకా, రిటైరైనాక అగ్గిపుల్లకి దూది చుట్టి. నాయన గోడవైపు చూస్తా ఉండాడు.

సక్షన్ అంటే ఏదో పెద్ద మిషను అనుకున్యా, చిన్న పెట్టె, దానికి ట్యూబు, చివర సూది మాదిరి గొట్టం, సూది కాదు మొన మొద్దుగానే ఉంటాది. డాక్టరు పైన మైక్రోస్కోపులో చూస్తా తీసినాడు. కదలొద్దు, సౌండు గట్టిగా ఉంటాది, నొప్పి పెడితే చెయ్యెత్తండి అన్నాడు, నాయనకి వినిపించలే కాబట్టి నేను కాయితం మీద రాసి చూపించినా. ఆ సౌండు ఎట్లుంటాదంటే చెరుకు రసం గ్లాసు అడుక్కొచ్చినాక స్ట్రాతో గుంజితే వచ్చే సర్ర్ర్‌మనే సౌండు, దాన్ని చెవిలో పెట్టుకున్నట్టు. బయటికి మాకే వినిపిస్తాంది. నాయన తర్వాత చెప్పినాడు, ఎయిర్ బ్రేకు వదిలితే టైరు పక్కన నిలబడినట్టుందంట.

మధ్యలో నాయనకి దగ్గు తెరలు తెరలుగా వచ్చేసింది. టీబీ ఏమన్నానా అని మా అమ్మ మొహం పాలిపోయింది. డాక్టరు నవ్వి, చెవి గొట్టంలో ఒక నరం గొంతు నరానికి చుట్టం, దాన్ని తాకితే కొందరికి దగ్గొస్తాది అన్నాడు. ఒక నిమిషం ఆపి మళ్లీ మొదలుపెట్టినాడు. ఒకసారి మటుకు తల గిర్రుమని కుర్చీ చెయ్యి పట్టుకున్యాడు, లోపల గాలి చల్లగా తగిలితే అట్లవుతాదంట, పాత ఘాట్‌లో ఎవురో కొత్త డ్రైవరు బ్రేకులు కొడతా దింపినట్టుందని తర్వాత మా నాయన మాట.

సగం పైపుకి వచ్చింది, అడుగున ఉండే గట్టిది రాలే. దానికి చివర చిన్న రింగు ఉన్న స్టీలు పుల్ల ఒకటి తీసినాడు, పక్కనించి నిదానంగా తిప్పి తిప్పి పట్టుకోని గుంజితే వచ్చింది సామీ, కిడ్నీ ట్రేలో టక్‌మని పడింది. ఈతగింజంత! పైన నల్లగా, విరిస్తే లోపల తేనె రంగు, మధ్యలో దూది పింజ ఒకటి ఇరుక్కోనుంది. టికెట్టు ముక్క దొరకలేదా అని అడిగినా డాక్టర్ని, నాయన నా వైపు గుర్రుగా చూసినాడు, అంటే వినిపించేసింది!

స్క్రీన్ మీద మళ్లీ పెట్టి చూపించినారు. ఇప్పుడు చివరిదాకా దారి, ఆ చివర ముత్యం రంగులో పల్చటి పొర, దాని మీద లైటు త్రికోణం మాదిరి మెరుస్తాంది. బొక్కలేదు, బాగుంది అన్నాడు. ఎడం చెవి అయిదు నిమిషాల్లో అయిపోయింది. చర్మం రవ్వంత ఎర్రబడింది, వారం రోజులు చెవిలో నీళ్లు పోకుండా చూసుకోమన్నాడు, స్నానం చేసేటప్పుడు దూదికి వ్యాజిలిన్ రాసి బయట పెట్టుకోవాల. ఓపీ 400, తీసినందుకు 800. మొత్తం ఇరవై అయిదు నిమిషాలు. నొప్పి ఉందా అంటే లేదంట, "సౌండే నొప్పి" అన్నాడు.

బయటికొచ్చి లీలామహల్ సెంటర్‌లో నిలబడితే రెండు చెవులూ మూసుకున్యాడు. ఏమైంది నాయనా అంటే "ఈ హారన్లు ఎప్పుడు ఇంత పెంచినారురా" అంటాడు, జీవితమంతా హారన్ కొట్టిన మనిషి.


పుష్కరిణి_మునక
సోమవారం, రాత్రి 10:41

ఈతగింజంత అంటే ఫోటో పెట్టన్నా.


మోడరేటర్
సోమవారం, రాత్రి 10:43

ఫోటో వద్దు. భోజనాల టైము.


ఆడియో_అక్క
మంగళవారం, ఉదయం 9:30

చాలా సంతోషం. కానీ పని పూర్తి కాలేదు తమ్ముడూ. ఎరుపు తగ్గినాక, ఒక వారం ఆగి, మళ్లీ వినికిడి పరీక్ష చేయించు, ఈసారి ఎముక మీద వైబ్రేటర్‌తో కూడా. అన్నేళ్లు ఇంజను పక్కన కూర్చున్న మనిషి, నరంలో కొంత తగ్గుదల ఉండే ఉంటుంది. ఆ సెంటరు వాళ్లు చెప్పింది మొత్తం అబద్ధం కాకపోవచ్చు, చూడకుండా చెప్పడమే వాళ్ల తప్పు.


కొర్లగుంట_కుర్రోడు
ఆ తర్వాతి గురువారం, రాత్రి 9:10

చేయించినా అక్కా. మీరన్నట్టే. మామూలు మాటల సౌండ్లు రెండు చెవుల్లోనూ బాగానే వచ్చినాయి, 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి కీచు సౌండ్ల దగ్గర మాత్రం గ్రాఫు గుంటలోకి దిగింది, రెండు పక్కలా. మోతలో ఏండ్ల తరబడి పనిచేసిన వాళ్లకి ఆడే గుంట పడతాదంట. ఇప్పుడే మిషను తప్పనిసరి కాదు, గుంపులో మాటలు అర్థం కాక ఇబ్బంది పడితే ఆలోచించండి, ఏడాదికి ఒకసారి పరీక్ష చేయించండి అన్నారు. పెళ్లిళ్లలో ఇబ్బందే అని మా అమ్మ అంటాది, పెళ్లిళ్లలో వినేదానికి ఏముంటాది అని నాయన అంటాడు.


చిత్తూరు_చిన్నోడు
గురువారం, రాత్రి 9:25

టీవీ ఎంత పెడతాడు ఇప్పుడు?


కొర్లగుంట_కుర్రోడు
గురువారం, రాత్రి 9:33

14. పక్కింటోళ్లు కొత్త టీవీ బేరం చేస్తా ఉండారు.


పలమనేరు_పాలకోవా
గురువారం, రాత్రి 9:50

మంచి మాట విన్యాం తమ్ముడూ. మా అత్తకి చెవి మిషన్ ఉంది, ఈమధ్య అదేపనిగా కుయ్యిమని ఈల వేస్తాది, మిషను చెడిపోయిందని పక్కన పెట్టేసింది. దానికీ గుబిలికీ ఏమన్నా సంబంధం ఉందా ఆడియో అక్కా?


ఆడియో_అక్క
గురువారం, రాత్రి 10:14

ఉంది. మిషను నుంచి వచ్చే సౌండు లోపలికి పోయే దారిలో గుబిలి అడ్డుంటే తగిలి వెనక్కి వచ్చి మళ్లీ మైకులో దూరి ఈల వేస్తుంది. మిషను పెట్టుకునేవాళ్లకి గుబిలి బయటికి రావడం కూడా కష్టం, దారిలో ఎప్పుడూ అడ్డం ఉంటుంది కదా. మూడు నాలుగు నెలలకి ఒకసారి చూపించుకోవాలి. ముందు చెవి చూపించండి, తర్వాత మిషను చివర తెల్లటి చిన్న జల్లెడ లాంటిది ఉంటుంది, దాన్ని వ్యాక్స్ గార్డు అంటారు, అది పూడిపోయి ఉంటే మార్పించండి. రిపేరు అని వేలు అడిగితే ఈ రెండూ చేశాకే మాట్లాడండి.


మదనపల్లె_టమోటా
శుక్రవారం, ఉదయం 7:05

ఆ డాక్టరు ఎక్కడుంటాడు తమ్ముడూ, ఇన్‌బాక్స్‌లో చెప్పు. నాకు కాదు. మా అన్నకి.


కొర్లగుంట_కుర్రోడు
శుక్రవారం, ఉదయం 7:40

పెట్టినా అన్నా, చూసుకో. తెల్లగడ్డ నూనె పోసుకోని పోవద్దని మీ అన్నకి చెప్పు.

ఇంకో సంగతి. నిన్న సాయంత్రం నాయన స్కూటర్ తీసి వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చినాడు, మొహం మాడ్చుకోని. బండి దిగి కింద కూర్చోని చెవి పెట్టి విన్యాడు, స్టార్ట్ చేసినాడు, ఆపినాడు, మళ్లీ స్టార్ట్ చేసినాడు. "సైలెన్సర్ బెజ్జం పడిందిరా, దడదడమంటా ఉంది, మీరెవురూ చూళ్లేదా" అని నన్ను నిలదీసినాడు. అది ఆరు నెలలుగా కొడతానే ఉంది, కొర్లగుంట మొత్తానికి తెలుసు, సందు తిరగ్గానే మా అమ్మ అన్నం వడ్డించేది ఆ సౌండు వినే. ఒకప్పుడు బస్సు డిపోలోకి వస్తా ఉంటేనే ఏ బేరింగు పోయిందో చెప్పేవాడంట. ఈ పొద్దు ఆరున్నరకే మెకానిక్ షెడ్డు తలుపు కాడ కూర్చోనుండాడు.